పదిహేడు లక్షల బొచ్చు బంతులు

17,71,561. నా టెన్త్ హాల్ టికెట్ నంబరు నాకు గుర్తు లేదు. మా పాత ఇంటి ఫోన్ నంబరూ గుర్తు లేదు. ఈ అంకె మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాను. స్టార్ ట్రెక్ అనే అమెరికా అంతరిక్ష సీరియల్లో, ట్రిబుల్ అనే బొచ్చు జీవం ఒకటి మూడు రోజుల్లో ఎన్ని ట్రిబుల్స్ అవుతుందో స్పాక్ అనే పాత్ర చెప్పిన లెక్క అది. టీవీలో చెప్పింది స్పాకే, కానీ మా ఇంట్లో ఆ లెక్క తేల్చింది మా నాయనమ్మ.

ఎనభైల మధ్యలో మాట ఇది. తాడేపల్లిగూడెం దగ్గర ఒక రైస్ మిల్లులో నాన్న గుమాస్తా. మిల్లు గోదాంకి ఆనుకునే మా ఇల్లు. ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో స్టార్ ట్రెక్ వచ్చేది. అంతా ఇంగ్లీషే, కింద అక్షరాలు కూడా ఉండేవి కావు. మాది చెక్క షట్టర్ ఉన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ. అన్నయ్య డాబా ఎక్కి యాంటెనా తిప్పేవాడు, నేను కిటికీలోంచి "వచ్చింది, వచ్చింది... పోయింది!" అని అరిచేదాన్ని. తలంటు పోసుకున్న జుట్టు ఆరకముందే చాప మీద చేరిపోయేవాళ్ళం.

ఎవరి చోటు వాళ్ళకుండేది. నాయనమ్మ గోడకి ఆనుకుని, చాటలో బియ్యం పోసుకుని మట్టిగడ్డలు ఏరుతూ. మిల్లు ఫిట్టరు మేస్త్రిగారు గుమ్మం పక్కన, బనీను మీద నూనె మరకలతో. డిగ్రీ చదువుతున్న బాబాయి టీవీకి దగ్గరగా, ఎందుకంటే మా అందరికీ తెలుగులో చెప్పాల్సింది ఆయనే. నాన్న మాత్రం లోపలికి వచ్చి కూర్చునేవారు కాదు. వరండాలో చిట్టా పుస్తకం ముందేసుకుని, ఆ వారం బస్తాల లెక్క సరిచూసుకుంటూ, మధ్యమధ్యలో కళ్ళజోడు పైనుంచి టీవీ వంక చూసేవారు.

ఆ ఆదివారం వచ్చిన కథ పేరు 'ది ట్రబుల్ విత్ ట్రిబుల్స్'. అమెరికాలో 1967 డిసెంబర్ 29న మొదటిసారి వచ్చింది. రాసినాయన డేవిడ్ జెరోల్డ్, అప్పటికి ఇరవై మూడేళ్ళ కుర్రాడు. ఇవన్నీ నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిశాయి. ఆ రోజు తెలిసిందల్లా ఒక్కటే, ఇది ధాన్యం కథ.

నాన్న చిట్టా మూసింది అందుకే. అంతరిక్షంలో కె-7 అని ఒక స్టేషన్. అక్కడి గోదాం నిండా క్వాడ్రోట్రిటికేల్ అనే ధాన్యం. షెర్మన్ అనే కొత్త గ్రహంలో అదొక్కటే పండుతుందట. ఆ గ్రహం మాకంటే మాకని మనుషులున్న ఫెడరేషన్‌కీ, వాళ్ళ శత్రువులైన క్లింగాన్ జాతికీ తగువు. ధాన్యానికి కాపలా ఉండమని ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష ఓడ కెప్టెన్ కిర్క్‌ని పిలిపించారు. ఇంత పెద్ద యుద్ధనౌకని గోధుమ బస్తాలకి కాపలా పెడతారా అని కిర్క్‌కి ఒళ్ళు మండిపోయింది. బాబాయి ఆ ముక్క చెప్పగానే నాన్న వరండాలోంచి, "ఎందుకు పెట్టరు? గింజ పోతే అంతా పోయినట్టే" అన్నారు. కిర్క్ తప్పు మాట్లాడాడని ఆయన గట్టి అభిప్రాయం. కథ చివరికి వెళ్ళేసరికి కిర్క్ కూడా ఆ అభిప్రాయానికే వచ్చాడు కాబట్టి నాన్నే గెలిచారు.

ఈ క్వాడ్రోట్రిటికేల్ కల్పితం. కానీ ట్రిటికేల్ నిజంగానే ఉంది. గోధుమని రై అనే ధాన్యంతో కలిపి పుట్టించిన పంట అది. స్పాక్ కూడా ఆ మాటే చెప్తాడు. వెంటనే ఓడలో పనిచేసే రష్యా కుర్రాడు చెకోవ్ లేచి అది రష్యావాళ్ళు కనిపెట్టిందంటాడు. ఇంకోచోట స్కాచ్ విస్కీని కూడా లెనిన్‌గ్రాడ్‌లో ఒక ముసలమ్మ కనిపెట్టిందని చెప్తాడు. అదీ స్కాట్లాండ్‌వాడైన ఓడ ఇంజినీరు స్కాటీ ముందు! బాబాయికి ఇది విపరీతంగా నచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు మా ఇంట్లో పూతరేకుల దగ్గర్నుంచి కుట్టు మిషను వరకు ఏది కనిపించినా, "ఇది రష్యావాళ్ళది" అని ఎవరో ఒకరు అనేవాళ్ళు.

ఇక ట్రిబుల్. సైరనో జోన్స్ అనే వ్యాపారి తెస్తాడు దాన్ని. మూతి లేదు, కళ్ళు లేవు, కాళ్ళు లేవు, చేతిలో పట్టేంత బొచ్చు ముద్ద. నిమిరితే గుర్రుమంటూ సంతోషపడుతుంది. ఓడలో పనిచేసే ఉహురా ముచ్చటపడి ఒకటి ఓడలోకి తెచ్చుకుంటుంది. అది పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలు పిల్లల్ని పెడతాయి. పుట్టడమే కడుపుతో పుడుతున్నాయని డాక్టర్ మెక్‌కాయ్ చెప్పినప్పుడు, బాబాయి నాయనమ్మ ముందు ఆ మాట ఎలా చెప్పాలో తెలియక నీళ్ళు నమిలాడు. ఆవిడే, "పుట్టినవి పుట్టినట్టే ఈనుతున్నాయి, అంతేనా?" అని చక్కగా తేల్చేసింది.

స్పాక్ ఆ జీవాల గురించి పొడుగాటి ఇంగ్లీషు వాక్యం ఒకటి చెప్తాడు. వాటిని తినే జంతువులున్న చోటునుంచి తీసుకొచ్చి, ఏ అడ్డూ లేని చోట వదిలేశారని దాని సారాంశం. బాబాయి ఒక్క క్షణం ఆలోచించి, "పిల్లి లేని గోదాం అంటున్నాడు" అన్నాడు. అంత మంచి అనువాదం నేను మళ్ళీ వినలేదు. ఆస్ట్రేలియాకి తీసుకెళ్ళిన కుందేళ్ళు దేశమంతా నిండిపోయిన సంగతి జెరోల్డ్ మనసులో ఉందని పెద్దయ్యాక చదివినప్పుడు నాకు ముందు బాబాయి మాటే గుర్తొచ్చింది.

స్పాక్ కూడా ఆ ట్రిబుల్‌ని పట్టుకుని నిమురుతూ ఉంటాడు. వాటి వల్ల నాకేమీ కాదు అని చెప్తూనే ఉంటాడు, చెయ్యి మాత్రం ఆగదు. స్పాక్ వేషం వేసిన లియొనార్డ్ నిమోయ్ ముఖంలో గీత కూడా కదలదు, వేళ్ళు మాత్రం మెత్తగా కదులుతుంటాయి. స్పాక్‌వి మొనదేలిన చెవులు, అందుకే నాయనమ్మ ఆయన్ని 'చెవులబ్బాయి' అనేది. "చెవులబ్బాయికి కూడా మనసుంది" అని ఆ రోజే తీర్మానించింది.

కిర్క్ భోజనం సీన్ గురించి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. ఆకలేసి ట్రే తీసుకుంటాడు. ప్లేట్లో ట్రిబుల్స్, కప్పులో ట్రిబుల్. ఇది నా చికెన్ శాండ్‌విచ్, ఇది నా కాఫీ అన్నట్టు వాటి వంకే చూస్తాడు. గాలి గొట్టాల్లోంచి పాకి వంట మిషన్లలోకి కూడా దూరిపోయాయి మరి. కిర్క్ వేషం వేసిన విలియం షాట్నర్ అరవడు, విసిరేయడు. ఆకలి మీదున్న మనిషికి వచ్చే నిస్సహాయమైన కోపం ఉంటుందే, అది మాత్రమే చూపిస్తాడు. స్టార్ ట్రెక్‌లో ఆయన చాలా యుద్ధాలు చేశాడు, చాలా ఉపన్యాసాలిచ్చాడు. నాకు ఆయన గొప్ప నటుడనిపించింది మాత్రం ఆ ప్లేటు వంక చూసినప్పుడే.

మేస్త్రిగారి వంతు స్కాటీ దగ్గర వచ్చింది. కె-7 హోటల్లో క్లింగాన్లు, కిర్క్ మనుషులు ఎదురుపడతారు. కొరాక్స్ అనే క్లింగాన్ కిర్క్‌ని నానా మాటలూ అంటాడు. చెకోవ్ కొట్టడానికి లేస్తే స్కాటీయే ఆపుతాడు. ఎవడి అభిప్రాయం వాడిది, కూర్చోమంటాడు. తర్వాత ఆ క్లింగాన్ ఓడని తిట్టడం మొదలుపెడతాడు. చెత్త మోసే పడవలా ఉందంటాడు. బాబూ, ఆ మాట కొంచెం మార్చుకుంటావా అని స్కాటీ మర్యాదగానే అడుగుతాడు. సరే మారుస్తానని, అది చెత్తని మొయ్యడం కాదు, దాన్నే చెత్తకింద ఎత్తెయ్యాలి అంటాడు కొరాక్స్. స్కాటీ గ్లాసు పక్కన పెట్టి ఒక్కటిచ్చాడు!

మేస్త్రిగారు గుమ్మం పక్కనుంచి లేచి నిలబడిపోయారు. ఆయనకి ఇంగ్లీషు రాదు, బాబాయి ఇంకా చెప్పనూ లేదు. గొడవ దేని గురించో స్కాటీ ముఖం చూసే ఆయనకి తెలిసిపోయింది. తర్వాత కిర్క్ అందరినీ వరసగా నిలబెట్టి ఎవరు మొదలుపెట్టారని అడుగుతాడు. నన్ను అన్నేసి మాటలన్నప్పుడు కొట్టావా అంటే, లేదు సార్, అప్పుడు కొట్టలేదు, ఓడని అన్నప్పుడే కొట్టాను అంటాడు స్కాటీ. కిర్క్ ముఖం చిన్నబోతుంది చూడండి, దానికే చప్పట్లు కొట్టాలి. బాబాయి ఇదంతా చెప్పగానే మేస్త్రిగారు, "మరి! ఓనరుగారిని అంటే ఆయనే చూసుకుంటారు. ఇంజిన్ని అంటే ఎవరు చూసుకుంటారండీ?" అన్నారు. గదిలోంచి బయటికి రావద్దని శిక్ష వేస్తే, హాయిగా టెక్నికల్ పుస్తకాలు చదువుకోవచ్చని స్కాటీ సంబరపడటం ఆయనకి ఇంకా నచ్చింది. ఆ వారమంతా ఇంజిన్ తుడుస్తూ, "ఏరా స్కాటీ బాబు ఓడా" అని దాన్ని పలకరించడం నేను స్వయంగా విన్నాను.

అప్పుడొచ్చింది గోదాం సీన్. ధాన్యం ఎలా ఉందో చూద్దామని కిర్క్ తలపైనున్న తలుపు తెరిపిస్తాడు. గింజలు రావు. బొచ్చు బంతులు జలపాతంలా మీద పడతాయి. గుండెల దాకా కూరుకుపోతాడు. అంతటితో అయిపోలేదు. ధాన్యం అధికారి బారిస్ ఒక పక్క కేకలేస్తుంటే, స్పాక్ ఒక పక్క శాంతంగా లెక్క చెప్తుంటే, పైనుంచి ఇంకో ట్రిబుల్ వచ్చి కిర్క్ నెత్తిన పడుతుంది. కాసేపాగి ఇంకోటి. మేం ఎంత నవ్వామంటే, అమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది ఏమైందోనని.

నాన్న నవ్వలేదు. లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "అవి కదలట్లేదు" అన్నారు.

"బొమ్మలన్నయ్యా అవి, ఎలా కదుల్తాయి?" అన్నాడు బాబాయి.

"కాదురా. ఇందాక కదిలాయి, గుర్రుమన్నాయి. ఇవి చచ్చినట్టున్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుని చూడమను."

నిమిషం గడవలేదు. స్పాక్, కిర్క్ వాటిని చేతిలోకి తీసుకుని చూశారు. చాలా వరకు చచ్చిపోయి ఉన్నాయి. తిన్న ధాన్యంలో విషం ఉంది. కడుపునిండా తిన్నా ఒంటికి పట్టకుండా చేసే విషం అది. గోదాం నిండా గింజలుండగా ఆకలితో చచ్చిపోయాయా అని కిర్క్ ఆశ్చర్యపోతాడు. నాన్న ఆశ్చర్యపోలేదు. మాకు తర్వాత విడమరిచి చెప్పారు. గోదాంలో నెట్లు కట్టిన బస్తాల మీద టార్పాలిన్ కప్పి మందు బిళ్ళలు పెడతారు, ముక్కపురుగు చావడానికి. మందు గాలి పూర్తిగా పోయే దాకా లోపలికి ఎవర్నీ వెళ్ళనివ్వకూడదు. కొత్తగా ఎక్కడినుంచో వచ్చిన బస్తా విప్పితే అందులో పురుగంతా చచ్చి ఉందనుకో, అది మంచి బస్తా అనుకోకూడదు. "పురుగు పాకుతున్న బియ్యం జల్లించి వండుకోవచ్చమ్మా. పురుగు చచ్చిన బియ్యాన్ని మాత్రం, ఎందుకు చచ్చిందో అడక్కుండా ముట్టుకోకూడదు."

ఆ ఒక్క ఆదివారం నాన్న నాకు ఎంటర్‌ప్రైజ్‌లో ఉండాల్సిన మనిషిలా కనిపించారు. చెవిలో పెన్సిల్, భుజం మీద తువ్వాలు, స్పాక్ పక్కన ఒక కుర్చీ.

విషం కలిపిన దొంగని పట్టించింది కూడా ట్రిబుల్సే. వాటికి క్లింగాన్లంటే పడదు, దగ్గరికి తెస్తే కీచుమంటాయి. బారిస్ దగ్గర పనిచేసే డార్విన్ చూడటానికి మామూలు మనిషిలాగే ఉంటాడు, కానీ అతని దగ్గరికి తేగానే ట్రిబుల్ గగ్గోలు పెడుతుంది. వేషం మార్చుకున్న క్లింగాన్ అన్నమాట. "నోరులేని జీవాలకి తెలుస్తుంది" అంది నాయనమ్మ, అదేదో తనే చెప్పి పంపినట్టు. చివర్లో ఓడలోని ట్రిబుల్సన్నీ ఏమయ్యాయని కిర్క్ అడుగుతాడు. వెళ్ళిపోతున్న క్లింగాన్ ఓడ ఇంజిన్ గదిలోకి పంపించానంటాడు స్కాటీ. అక్కడ ట్రబుల్ అన్న మాటని ట్రిబుల్‌గా మార్చి ఒక విరుపు విరుస్తాడు. బాబాయి దాన్ని, "ఇక మనకి ట్రబులూ లేదు, ట్రిబులూ లేదు" అని ఉన్నపళంగా తెలుగు చేసేశాడు.

టీవీ షట్టర్ వేశాక అసలు పని మొదలైంది. స్పాక్ లెక్క చెప్పినప్పుడు బాబాయి అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాడు: ఒకటి, ఈతకి పది, పన్నెండు గంటలు, మూడు రోజులు. మిలియన్‌తో మొదలైన జవాబు కూడా. దాన్ని లక్షల్లోకి మార్చితే పదిహేడు లక్షల డెబ్బై ఒక్క వేల చిల్లర. అన్నయ్యా నేనూ పోయిన నెల క్యాలెండర్ కాగితం చింపి వెనకవైపు మొదలుపెట్టాం. పన్నెండు గంటలకోసారి అంటే రోజుకి రెండు, మూడు రోజులకి ఆరు ఈతలు. ఒకటి, పది, వంద, వెయ్యి, పదివేలు, లక్ష, పది లక్షలు. ఏడు లక్షల పైచిలుకు తేడా. ఇంకోసారి చేశాం. పది లక్షలే.

"స్పాక్ తప్పు చెప్పాడు" అన్నాడు అన్నయ్య. నాకు ఏడుపొచ్చింది. స్పాక్ తప్పు చెప్పడం ఎలా కుదురుతుంది?

నాయనమ్మ చాటలోంచి తల ఎత్తకుండానే అడిగింది. "ఒకటి పదింటిని కంటే ఎన్ని?"

"పది."

"తల్లి ఎక్కడికి పోయిందే?"

అన్నయ్య పెన్సిల్ ఆగిపోయింది. తల్లి బతికే ఉంది. తల్లితో కలిపి పదకొండు. ఆ పదకొండూ తలా పది పెడితే, వాటితో కలిపి నూట ఇరవై ఒకటి. తర్వాత 1331. తర్వాత 14,641. తర్వాత 1,61,051. ఆఖరి గుణకారం నేనే చేశాను, కాగితం అంచు దాకా వచ్చింది. 17,71,561. బాబాయి అరచేతి మీద చెరిగిపోతున్న అంకెల పక్కన పెట్టి చూశాం. మా అరుపులకి మిల్లులోంచి మేస్త్రిగారు మళ్ళీ పరిగెత్తుకొచ్చారు. నాయనమ్మకి సంతకం పెట్టడం రాదు. ఆవిడకి బిడ్డలు తొమ్మిదిమంది.

ఆ కాగితం చాలా కాలం నా ట్రంకు పెట్టెలో ఉండేది. ఒక వర్షాకాలం చెదలు పట్టి పోయింది. ఇప్పటికీ బాధే.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. అన్నయ్య అమెరికా వెళ్ళాడు. 1996లో, స్టార్ ట్రెక్‌కి ముప్ఫై ఏళ్ళు నిండిన సందర్భంగా దాని తర్వాతి సీరియళ్ళలో ఒకటైన 'డీప్ స్పేస్ నైన్' వాళ్ళు ఒక ఎపిసోడ్ తీశారు. తమ పాత్రలని ఈ పాత కథ లోపలికే పంపించారు. పాత దృశ్యాల్లో కొత్తవాళ్ళు కలిసిపోయి నడుస్తారు. డార్విన్ వేషం వేసిన చార్లీ బ్రిల్‌నే మళ్ళీ పిలిచి ముసలి డార్విన్‌గా చేయించారు. అన్నయ్య నాకు ఫోన్ చేసి, హలో కూడా అనకుండా, "కిర్క్ నెత్తిన ఒక్కొక్కటే ఎందుకు పడుతుందో తెలిసిపోయిందే!" అన్నాడు. గోదాం లోపల కొత్త సీరియల్‌లోని సిస్కో, డాక్స్ ఇద్దరూ బాంబు దాచిన ట్రిబుల్ కోసం వెతుకుతూ, కానివన్నీ బయటికి విసిరేస్తున్నారట. అవే కిర్క్ మీద పడుతున్నాయి. దాదాపు ముప్ఫై ఏళ్ళనాటి నవ్వుకి కారణం చెప్పి, ఆ నవ్వు పోకుండా ఇంకోటి పుట్టించడం! దాన్ని రాసినవాళ్ళకి ఈ కథంటే ఎంత ప్రేమో ఆ ఒక్క చోట తెలుస్తుంది.

1967లో ఆ ట్రిబుల్స్‌ని బొచ్చుగుడ్డతో కుట్టి లోపల ఫోమ్ కూరారు. ఒక అయిదు వందలు కుట్టారట. మాకు కనిపించింది మాత్రం లక్షలే.

పోయిన సంక్రాంతికి నాన్నని హైదరాబాద్ తీసుకొచ్చాను. ఎనభై నాలుగేళ్ళు, చెవి కొంచెం మందం. బాబాయి లేడు, మేస్త్రిగారు లేరు, నాయనమ్మ వెళ్ళిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. పెద్ద టీవీలో అదే కథ పెట్టాను, ఈసారి రంగుల్లో. నేనూ అంతకుముందు రంగుల్లో చూడలేదు. ట్రిబుల్స్‌లో తెల్లవి, గోధుమ రంగువి, బూడిద రంగువి ఉన్నాయి. స్కాటీ చొక్కా ఎరుపు. "మేస్త్రికి ఎరుపంటే ఇష్టం" అన్నారు నాన్న.

గోదాం తలుపు తెరుచుకునే ముందు నేను ఏమీ మాట్లాడలేదు. బంతులు జలజలా పడ్డాయి. కిర్క్ మునిగిపోయాడు. నాన్న కుర్చీలో ముందుకి వంగి, చెయ్యి ఎత్తి, ఆగమన్నట్టు చూపించారు. "చూడు. కదలట్లేదు."

కింద తెలుగు లేదు కాబట్టి ఈసారి నేనే బాబాయినయ్యాను. ట్రిబుల్స్ తెచ్చిన సైరనో జోన్స్‌కి శిక్షగా స్టేషన్‌లో ఉన్న ట్రిబుల్స్ అన్నీ ఏరమని కిర్క్ చెప్తాడు, దానికి 17.9 సంవత్సరాలు పడుతుందని స్పాక్ లెక్క కడతాడు. చిన్నప్పుడు ఆ ముక్క బాబాయి చెప్పలేదో, మేం నవ్వుల్లో వినలేదో, నాన్నకి కొత్తగా ఉంది.

"ఒక్కడేనా? జట్టు పెట్టుకోనివ్వరా?"

"ఒక్కడే నాన్నా."

ఆయన జేబులోంచి పెన్ను తీశారు. టీపాయ్ మీద పెళ్ళి శుభలేఖ కవరు ఉంది, దాని వెనక రాయడం మొదలుపెట్టారు. మొత్తం ఎన్ని అని అడిగారు, చెప్పాను. ఏడాదికి మూడు వందల అరవై అయిదు రోజులు వేసుకున్నారు. కాసేపు పెన్ను కదిలింది, కొట్టివేత ఒకటి పడింది, మళ్ళీ కదిలింది.

"రోజుకి రెండు వందల డెబ్బై ఒకటి పడుతుందమ్మా" అన్నారు కవరు నా చేతికిస్తూ. "ఫర్లేదు, తేలికైనవేగా. మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోతుంది."